జ్వరమొస్తే తినే బ్రెడ్డు కాదు ఇది, మన గోధుమ రొట్టె

ఈసారి పత్తి ముచ్చట కాదు, పొయ్యి ముచ్చట. నవ్వుకోండి కానీ చివరిదాకా చదవండి.

మన ఊర్లల్ల బ్రెడ్డు ఎప్పుడు కొంటం? ఇంట్ల ఎవరికన్నా జ్వరమొస్తే కొంటం. పాలల్ల ముంచి తినిపిస్తం, జ్వరం తగ్గినంక మళ్ల దాని మొఖం చూడం. నేను కూడా అంతే. పోయిన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బిడ్డ వచ్చేటప్పుడు ఒక గుండ్రటి బ్రెడ్డు తెచ్చింది. పైన గట్టిగ, లోపల మెత్తగ, తింటే కొంచెం పులుపు. సౌర్‌డో అంటరట. ఈస్టు లేదు, చక్కెర లేదు. పిండి, నీళ్లు, ఉప్పు, అంతే. ధర అడిగితే మూడు వందలు అన్నది.

నాకు లెక్క మొదలైంది. 2025-26 సీజన్‌కు గోధుమల మద్దతు ధర క్వింటాలుకు 2,425 రూపాయలు. కిలోకు 24 రూపాయల చిల్లర. ఆ బ్రెడ్డుకు పట్టే పిండి అర కిలో. అంటే పన్నెండు రూపాయల గింజ మూడు వందలు అయింది! మనమే చేసి అమ్మితే అయిపోయె కదా అనుకున్న. ఫోన్ల కూడా రోజూ అదే చెప్తరు, రైతు పిండి చేసి అమ్మాలె, రొట్టె చేసి అమ్మాలె, లక్షలు వస్తయి అని.

మూడు నెలలు చేసి చూసినంక చెప్తున్న, ఆ మాట నమ్మి ముందుగాల్నే ఓవెన్ కొనకండి. మన ఊర్ల మూడు వందలు పెట్టి రొట్టె కొనేటోడు లేడు. కానీ నేర్చుకోవడం మాత్రం తప్పకుండ నేర్చుకోండి. ఎందుకో చెప్తా.

ముందు తోడు తయారు చేసుకోవాలె. పాలకు తోడు ఉన్నట్టే పిండికి కూడా తోడు. గిర్నిల పట్టించిన మన గోధుమ పిండి, అంతే తూకం నీళ్లు ఒక సీసాల కలిపి మూత వదులుగ పెట్టాలె. రోజూ కొంత తీసేసి కొత్త పిండి, నీళ్లు కలపాలె. వీడియోలల్ల సగం పారెయ్యి అంటరు. పండించినోడికి చేతులొస్తయా? నేను 20 గ్రాముల తోడే ఉంచుకున్న, 20 గ్రాముల పిండి, 20 గ్రాముల నీళ్లు. మొదటి వారం తీసింది కోళ్లకు వేసిన. తోడు కుదిరినంక తీసేదాంట్ల ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి అట్లు పోసుకుంటున్నం. గింజంత పిండి కూడా బయట పడలే.

నాలుగో రోజు బుడగలొచ్చి సీసా నిండ పొంగింది. అయిపోయింది అనుకున్న. మర్నాటి నుంచి చప్పుడు లేదు, చచ్చిపోయినట్టు అయింది. బిడ్డకు ఫోన్ చేస్తే, "నాయినా, ముందుగాల వచ్చే పొంగు వేరే పురుగులది. అసలు ఈస్టు నిదానంగ వస్తది, పారబొయ్యకు" అన్నది. మన ఆదిలాబాద్ చలి మీకు తెల్వంది కాదు. రాత్రి పొయ్యి పక్కకు పెట్టిన. పన్నెండో రోజు నుంచి పిండి వేసిన ఆరు గంటలల్ల రెండింతలు పొంగుడు మొదలైంది.

రొట్టెకు నా కొలత ఇది. పిండి 500 గ్రాములు, నీళ్లు 370, తోడు 100, ఉప్పు 10. చిన్న తూకం మిషన్ ఒకటి కొనుక్కోండి, ఆ ఖర్చు దండుగ కాదు. ఓవెన్ లేదు కాబట్టి మందం గిన్నెల చేసిన. కింద నిప్పులు, మూత మీద నిప్పులు, యాభై నిమిషాలు. మొదటిది కింద బొగ్గు, లోపల పచ్చి. గిన్నె అడుగున ఇసుక పోసి, దాని మీద పళ్లెం పెట్టి చేస్తే నాలుగోసారికి కుదిరింది. పొట్టుతోటి పట్టించిన పిండి కాబట్టి బజారు బ్రెడ్డంత పొంగదు, దానికి బాధపడొద్దు. ఇంకో మాట, గోధుమ పడనోళ్లకు ఇది కూడా పడదు. పులిసినంత మాత్రాన దాంట్ల జిగురు మొత్తం పోదు.

ఏప్రిల్‌ల మళ్ల దెబ్బ తిన్న. జనవరిల ఎనిమిది గంటలు పట్టిన పిండి ఎండలకు మూడు గంటలకే పులిసి గిన్నెల పారింది. నేను గడియారం చూసిన గాని పిండిని చూడలే. చేను దగ్గర మనం అట్ల చేస్తమా? క్యాలెండర్ చూసి నీళ్లు పెట్టం, మట్టి పట్టుకొని చూసి పెడతం. ఇది కూడా అంతే. ముప్పై ఏండ్లు వ్యవసాయం చేసినోడికి ఈ విద్య సగం ముందే వచ్చి ఉంటది.

ఇగ అసలు ముచ్చట. నాకు బోరు కింద 20 గుంటలల్ల సోయా తీసి గోధుమ వేస్తా, ఇంటి మందం. కొడుకు రెండేండ్ల సంది అంటుండు, "అదీ పత్తిల కలుపుదాం, పిండి ప్యాకెట్ దుకాణంల దొరుకుతది కదా" అని. నా దగ్గర జవాబు లేకుండె. లెక్క వేస్తే వాడిదే కరెక్టు అనిపించేది. మొన్న వాడి పిల్లలు రొట్టె వేడివేడిగ విరిచి నెయ్యి రాసుకొని తింటుంటే వాడు కూడా రెండు ముక్కలు తిన్నడు. "ఇది మన చేనుదేనా?" అని అడిగిండు. అవును అన్న. పత్తి మాట ఆ రోజు తియ్యలే. రేపు తీస్తడేమో తెల్వదు, కానీ ఇప్పుడు నా దగ్గర జవాబు ఉంది.

జొన్న రొట్టె మానేయమని నేను చెప్పను, నేను కూడా పొద్దున అదే తింటా. నేను చెప్పేది ఒక్కటే. పండించింది మొత్తం కాంటా మీదికే పోతే, మనం పండించిన దాని రుచి మనకే తెల్వకుండ పోతది. రుచి తెల్వని పంటను కాపాడుకోవాలని ఎవరికీ అనిపించదు.

హోటల్ కాడ "ఏం కాకా, బేకరి పెడుతున్నవా" అని నవ్వేటోళ్లకు కూడా ఇదే మాట. చిన్న డబ్బా పట్టుకొని రండి, ఒక చెంచెడు తోడు ఇస్తా. పైసలు వద్దు, తోడుకు పైసలు తీసుకునే అలవాటు మన దిక్కు లేదు. వచ్చే యాసంగికి నీళ్లున్నోళ్లు నాలుగు గుంటలన్నా గోధుమ పెట్టండి, సాలు.