కథ చదివితే మనసు పెరుగుతుందా?

కథలు చదివితే ఎదుటివారి బాధ తెలుస్తుందంటారు. నిజమేనా? 2013లో అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. కొందరిచేత మంచి కథలు చదివించి, కళ్ళ ఫోటోలు మాత్రమే చూపి, ఆ మనిషి మనసులోని భావమేమిటో చెప్పమన్నారు. చదవనివారికన్నా వారు కాస్త బాగా చెప్పారు. 2016లో ఇతరులు అదే ప్రయోగం చేయగా ఆ తేడా కనబడలేదు! 2018లో 14 అధ్యయనాలను కలిపి లెక్కగడితే, ప్రయోజనం ఉన్నదిగాని స్వల్పమని తేలింది.

ఒక్కరోజు బస్కీలు తీస్తే కండ పెరుగుతుందా? మనసుకూ అభ్యాసం కావాలని నా అభిప్రాయం. కనుక మీ వాడ కాని, మీ భాష కాని, మీ మతం కాని మనుషుల కథలు తరచు చదవండి. చదివాక, "ఆ స్థితిలో నేనుంటే?" అని ప్రశ్నించుకోండి. మరునాడు తరగతిలో ఎవరూ పలకరించని తోటి విద్యార్థి పక్కన కూర్చోండి. అసలు పరీక్ష అక్కడే!