రెండు తలల పక్షి, మెడ కనపడని దేవుడు

ముళబాగిలు బస్టాండులో నిలబడితే దినానికి వంద సార్లు కనపడతాది, సర్కారు బస్సు మీదుండే గండభేరుండ పక్షి. ఒళ్ళు ఒకటి, తలలు రెండు. కర్ణాటక రాజముద్రలో కూడా నడాన ఇదే. దానికి అటొకటి, ఇటొకటి ఏనుగు తల పెట్టిన సింహాలు. విజయనగరం ఏలిన అచ్యుతదేవరాయలు 1530 ప్రాంతంలోనే ఈ పక్షిని నాణేల మీద వేయించినాడు. ఏ అడవిలోనూ లేని పక్షి ఇన్నేండ్లు బతికింది చూడండి.

నేను మగ్గం మీద ఉన్నప్పుడు చీర అంచుకి దీన్ని నేసినాము. సగం పక్షికి గ్రాఫు గీస్తే చాలు, రెండో సగాన్ని జకార్డు అద్దంలో మాదిరి తిప్పి వేస్తాది. ఏనుగు సింహానికి ఆ సుళువు లేదు, అంతా గియ్యాల. ఆ తలని మొయ్యను సింహం మెడ చాలదు. అందుకని అతుకు మీద జూలు కప్పేసినారు. రాజముద్రలో ఎర్ర జూలు చూస్తే తెలుస్తాది.

మన పక్క కురుడుమలె గణపతి సంగతీ అంతే. ఒకే రాతిలో 13 అడుగుల విగ్రహం అంటారు. మనిషి ఒంటి మీద ఏనుగు తల గదా, ఎబ్బెట్టుగా ఎందుకు లేదు? భుజాలు వెడల్పు, బొజ్జ పెద్దది. అంత బరువు తల కూడా అక్కడ కుదురుగా కూర్చునింది. ఏనుగునీ మనిషినీ బాగా చూసినవాడే అట్ల చెక్కగలడు.

లేపాక్షిలో ఇంకా గట్టి పని ఉండాది. ఒక పశువు, మూడు తలలు. రెండు తలలు చేత్తో మూసి చూస్తే మిగిలిన తలతో అది మామూలు పశువే! ఏ తల మూసినా అంతే. మూడు మెడలకీ ఒకటే భుజం సరిపోవాల. నాకైతే పెద్ద గోపురాలకన్నా ఇదే గొప్ప. చెక్కినవాడి పేరు ఎవరికీ తెలీదు.

మన లైన్లలో ఒక పిల్లోడు చేపకి మేక కాళ్ళు పెట్టి గీస్తా ఉంటే, వాళ్ళ నాయన పుస్తకం లాక్కున్నాడు. కూడు పెట్టే పని కాదని ఆయన బాధ. ఆయన బాధ నాకు తెలుసు, రెండు షిఫ్టులు చేసే మనిషి. అయినా పిల్లోడిని నేను అడిగింది ఒకటే: మేక మోకాలు ఎటు వంగతాది రా? వాడికి తెలీలేదు. లైన్లలో మేకలు ఎక్కడున్నాయి ఇప్పుడు? మరుసటి దినం సంతకి తీసకపోయినా. గంటసేపు మేకల కాళ్ళే చూసినాడు, మిఠాయి కూడా అడగలేదు.

ఈ నెల కురుడుమలెకి పోయేవాళ్ళు పిల్లల చేతికి ఒక పెన్సిలు ఇయ్యండి. గణపతికి మెడ ఎక్కడుండాదో ఎతకమనండి.