ట్యూబ్ టీవీ ముందు జాంబీల వేట

వీడియో గేమ్ అనగానే మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ముందే చేతులెత్తేస్తారు. "అబ్బే, ఆ బటన్లూ అవీ మా వల్ల కావమ్మా" అంటారు. వాళ్లని అనడానికేం లేదండీ. ఇప్పటి కంట్రోలర్ చూడండి, ఏది నొక్కితే మనిషి దూకుతాడో, ఏది నొక్కితే వంగుతాడో గుర్తుపెట్టుకునేలోపే అక్కడ ప్రాణం పోతుంది. కానీ తుపాకీ ఆట అలా కాదు. చేతికి ప్లాస్టిక్ గన్ను ఇచ్చి టీవీ వైపు చూపిస్తే చాలు, కాలేజీ కుర్రాడైనా వాళ్ల పెద్దమ్మైనా అడగకుండానే ఆడేస్తారు. ఆ రకం ఆటల్లో నాకు ప్రాణం సెగా వాళ్ల 'ది హౌస్ ఆఫ్ ద డెడ్ 2'. ఈ పూట ముచ్చట దాని గురించే.

ఇది 1998లో ఆర్కేడ్ మెషీన్‌గా వచ్చింది. కాయిన్ వేసి, నిలబడి ఆడే పెద్ద పెట్టె ఉంటుంది చూడండి, అది. ఆ పెట్టె లోపలి బోర్డు పేరు నయోమి. సెగా అప్పట్లోనే తయారు చేస్తున్న డ్రీమ్‌కాస్ట్ అనే ఇంటి కన్సోల్‌కీ ఈ నయోమికీ గుండెకాయ ఒకటే, హిటాచీ వాళ్ల ఎస్‌హెచ్-4 ప్రాసెసర్. బొమ్మలు గీసే చిప్పు కూడా ఒకటే జాతి. నయోమికి మెమరీ కాస్త ఎక్కువ, అంతే తేడా. అందుకే 1999లో ఇంటికొచ్చిన ఆట బయట ఆడినదానికి దాదాపు అచ్చు గుద్దినట్టే ఉంది. అంతకుముందు మొదటి భాగాన్ని శాటర్న్ కన్సోల్‌కి తెచ్చినప్పుడు బొమ్మలు బాగా మొరటుగా వచ్చాయి లెండి. రెండో భాగంతో ఆ లోటు తీరిపోయింది.

కథ 2000 సంవత్సరంలో జరుగుతుంది. వెనిస్‌ని తలపించే కాలవల ఊరు. గోల్డ్‌మన్ అనే పెద్దమనిషి చేసిన నిర్వాకానికి ఊరంతా శవాలు లేచి తిరుగుతుంటాయి. జేమ్స్, గ్యారీ అని ఇద్దరు ఏజెంట్లు. ఒకరు మీరు, ఇంకొకరు మీ పక్కనున్నవాళ్లు. నడవడం మన చేతిలో లేదు, ఆటే మనల్ని సందుల్లోంచీ వంతెనల మీదుగానూ లాక్కుపోతుంది. కాలవలో పడవ కూడా ఎక్కిస్తుంది. "నడవనివ్వకపోతే ఇంకేం ఆట?" అని కొందరు పెదవి విరుస్తారు. నేనొప్పుకోను. నడిచే బాధ్యత తీసేశాకే కదా కళ్లకి తీరిక దొరికేది! ఎడమ పక్క తలుపు కదిలిందా, పై కిటికీలోంచి ఎవరన్నా గొడ్డలి విసురుతున్నారా, అన్నీ కళ్లే చూసుకోవాలి. ఆ గొడ్డలి గాల్లో ఉండగానే దాన్నీ కొట్టి పడేయొచ్చు, తెలుసా? అది చేతనైన రోజు వచ్చే ఆనందమే వేరు.

నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటుంది. మధ్యమధ్యలో ఊరివాళ్లు జాంబీల చేతికి చిక్కి కేకలేస్తుంటారు. వాళ్లని కాపాడితే దారి మారిపోతుంది, ఒక్కోసారి బహుమానంగా ఒక ప్రాణం కూడా ఇస్తారు. కంగారులో వాళ్లనే కాల్చామా, మన ప్రాణం ఒకటి పోతుంది. అంటే ఎంత వేగంగా కాల్చినా సరే, ఎవరిని కాలుస్తున్నామో చూసుకోవాల్సిందే. ఇద్దరు ఆడుతుంటే ఇక్కడే మాటలు మొదలవుతాయి. "ఆవిడ జోలికి వెళ్లకు, వెనకాలవాణ్ణి కొట్టు!" "నువ్వు కుడి పక్క చూస్కో!" సోఫాలో పక్కపక్కన కూర్చుని ఒకళ్ల వీపు ఒకళ్లు కాసుకునే ఆటలు ఇప్పుడు ఎన్ని వస్తున్నాయి చెప్పండి?

పెద్ద రాక్షసులకి టారో కార్డుల పేర్లు పెట్టారు. మొదటివాడి పేరు జడ్జిమెంట్. నిజానికి వీళ్లిద్దరు. గొడ్డలి పట్టుకున్న తల లేని కవచధారి ఒకడు, వాణ్ణి ఉసిగొల్పుతూ చుట్టూ ఎగిరే బుడతడు ఒకడు. కొట్టాల్సింది బుడతణ్ణే. ఆ సంగతి ఆటే ముందు బొమ్మ గీసి చూపిస్తుంది. కీలకం ఎక్కడుందో చెప్పేసి, ఇప్పుడు గురి చూసి కొట్టు అంటుందన్నమాట. ఎంత మర్యాద!

అసలు ఆ గన్నుకి మనం ఎక్కడ కాల్చామో ఎలా తెలుస్తుంది? మన ఊళ్లల్లో తొంభైల్లో అమ్మిన 8-బిట్ గేమ్ సెట్లతో వచ్చిన గన్నూ, బాతుల ఆటా చాలామందికి గుర్తుండే ఉంటాయి. అందులో మీట నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి గడి మెరిసేది. గన్ను గొట్టంలోని కంటికి ఆ వెలుగు కనబడితే తగిలినట్టు, లేకపోతే లేదు. డ్రీమ్‌కాస్ట్ గన్ను అంతకంటే తెలివైనది. ట్యూబ్ టీవీలో బొమ్మంతా ఒక్కసారి పడదు. ఎలక్ట్రాన్ కిరణం పై మూల నుంచి గీత వెంట గీత గీసుకుంటూ కిందకి వస్తుంది, మన దేశపు టీవీల్లో సెకనుకి 50 సార్లు. గన్ను కంటికి ఆ వెలుగు తగిలిన క్షణాన్ని కన్సోల్ పట్టుకుంటుంది. పైనుంచి బయల్దేరి ఎంతసేపైందో తెలిస్తే కిరణం ఏ గీత మీద, ఎక్కడుందో తెలిసిపోయినట్టే. చీకటి గదుల బొమ్మలో వెలుగు చాలదు కనుక మీట నొక్కగానే తెరంతా ఒక్కసారి తెల్లగా మెరుస్తుంది.

మరి వెలుగే కనబడకపోతే? తుపాకీ తెర బయటికి చూస్తోందని అర్థం. ఆ సంగతినే ఈ ఆటలో తూటాలు నింపడానికి వాడుకున్నారు! ఆరు తూటాలు అయిపోగానే గన్ను పక్కకి తిప్పి మీట నొక్కాలి. మీదకి జాంబీ వస్తుంటే చెయ్యి తెర మీంచి తియ్యాలంటే మనసొప్పదండీ. ఆ అర క్షణంలోనే ఉంది అసలు భయమంతా.

అమెరికాలో మాత్రం ఈ ఆటకి సెగా తన సొంత గన్ను అమ్మలేదు. 1999 ఏప్రిల్‌లో కొలంబైన్ స్కూల్లో కాల్పులు జరిగాయి, అప్పటికి దేశమంతా ఆ దుఃఖంలోనే ఉంది. అక్కడివాళ్లు మ్యాడ్ క్యాట్జ్ అనే వేరే కంపెనీ గన్నుతో ఆడారు. సెగా తగ్గడం సబబే అనిపిస్తుంది నాకు. ఇదే ఆటని తుపాకీ లేకుండా కూడా తయారు చేశారు, 'ది టైపింగ్ ఆఫ్ ద డెడ్' అని. జాంబీ మీదకొస్తుంటే దాని ముందు కనబడే మాటని కీబోర్డు మీద తప్పుల్లేకుండా కొట్టాలి. అందులో ఏజెంట్లు వీపుకి డ్రీమ్‌కాస్ట్, మెడలో కీబోర్డు తగిలించుకుని తిరుగుతుంటారు. టైపింగ్ నేర్పడానికి ఇంత సరదా మార్గం నేనింకోటి చూడలేదు.

ఎల్‌సీడీ టీవీలు వచ్చాక గీతలు గీసే ఆ కిరణం లేదు, కాబట్టి పాత గన్ను గుడ్డిదైపోయింది. 2008లో రెండు, మూడు భాగాలు కలిపి వీ కన్సోల్‌కి తెచ్చారు. టీవీ దగ్గర పెట్టే పట్టీ రెండు కొసల నుంచీ ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వస్తుంటే రిమోట్‌లోని కెమెరా దాన్ని చూసి లెక్క కడుతుంది. బాగానే పనిచేస్తుంది. కానీ తెర మీద గురి గుర్తు పెట్టుకున్నారంటే కళ్లు ఆ గుర్తు వెంటే పరిగెడతాయి, గొట్టం చివర నుంచి చూసి కొట్టే సుఖం పోతుంది. ఆ గుర్తు తీసేసి ఆడండి. ఈ మధ్య కెమెరాతో తెర అంచుల్ని గుర్తుపట్టే సిండెన్ అనే గన్ను కూడా వచ్చింది, అది కొత్త టీవీల మీదా నడుస్తుంది.

మీ ఇంట్లోగానీ చుట్టాలింట్లోగానీ పాత ట్యూబ్ టీవీ ఉంటే మాత్రం పాత సామాన్లవాడికి వేసేయకండి. ముందు వెనకాల ఏవీ సాకెట్లు ఉన్నాయో లేదో చూడండి. 100 హెర్ట్జ్ అని రాసున్న మోడల్ అయితే గన్ను పనిచేయదు, మామూలుదైతేనే పనికొస్తుంది.