మాటల మూటయా? మనుష్యుని కథయా?

ఇంగ్లీషు నేర్చుట యనగా మాటలను మూటగట్టుట యని మన దేశమున నొక భ్రమ ప్రబలియున్నది. దినమునకు 10 మాటలు, సంవత్సరమునకు 3,650. లెక్క చూడ నెంతో సొంపుగా నున్నది. ఎడమప్రక్క ఇంగ్లీషు మాట, కుడిప్రక్క తెలుగు అర్థము, బాలుడు కన్నులు మూసికొని వల్లించును, ఉపాధ్యాయుడు తలయూచును, తండ్రి మురిసిపోవును. నెల తిరుగునప్పటికి ఆ మూటలో మిగులున దేమి? చిల్లుకుండలో నీరు! అయినను ఆ కుండనే నింపుచున్నాము, ఆ చిల్లునే మఱచుచున్నాము. ఈ పద్ధతి విద్య కాదు, విద్యాభాస మని మేము నిష్కర్షగా చెప్పుచున్నాము. మాటలు కావలసినవానికి పట్టిక నీయకుడు; ఒక మనుష్యుని జీవితకథ నిండు.

కారేపల్లిని దృష్టియం దుంచుకొని యీ మాట వ్రాయుచున్నాము. ప్రభుత్వపు కాగితములలో సింగరేణి మండలము, జనుల నోట కారేపల్లి. డోర్నకలు నుండి వచ్చిన రైలుదారి యిచ్చట చీలి, ఒక పాయ ఇల్లెందు వైపునకు, ఒక పాయ కొత్తగూడెము వైపునకు సాగినది. చుట్టును తండాలు, కోయగూడెములు, భద్రాచలము వైపు తిరిగిన అడవి యంచు. ఇచ్చటి లంబాడి బాలునకు ఇంట నొక భాష, బజారున తెలుగు, బడిలో ఇంగ్లీషు. 2022–23 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలో 1 మొదలు 8 తరగతుల వఱకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. అది మంచిదా చెడ్డదా యను వివాద మటుండ నిండు. బాలుడు బడిలో కూర్చుండియే యున్నాడు. వాని చేతికి ఏమి యిచ్చుచున్నారను నదియే మా ప్రశ్న. పట్టణములోని కలవారి బిడ్డకు పట్టిక విఫలమైనను ఇంటిలో నింకొక దారి దొరకును. తండా బిడ్డకు బడి తప్ప వేఱు దారి లేదు. పట్టిక వానిని మోసగించినచో, వాడు తెలివిలేనివాడని లోకము తీర్పు చెప్పును, వాడును నమ్మును, మఱునాడు పుస్తకము మూసి కూలికి పోవును. నేరము పట్టికది, శిక్ష బాలునిది!

నిజమునకు కారేపల్లి సీమకు ఇంగ్లీషు మాట నేడు వచ్చినది కాదు. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1920లో ఆ గనుల సంస్థకు సింగరేణి గ్రామము పేరే నిలిచినది. బొగ్గు వెంట రైలు వచ్చినది. రైలు వెంట మాటలు వచ్చినవి. స్టేషను, టికెట్టు, సిగ్నలు, గేటు, షిఫ్టు, డిపో, రేంజరు: వీనిని అక్షరము రాని ముదుసలి సయితము సందర్భము తప్పక వాడును. ఏ పట్టికను వల్లించి నేర్చెను? రైలు తప్పిననాడు టైము అను మాట నేర్చెను. కట్టెలమోపు పట్టుబడిననాడు రేంజరు అను మాట నేర్చెను. బ్రతుకు నేర్పిన మాటకు మఱపు లేదు.

అయితే ప్రతి మాటను స్వంత బ్రతుకే నేర్పవలెనన్న ఆయువు చాలదు. అందుచేతనే పరుల బ్రతుకును చదువవలెను. గాంధీమహాత్ముని ఆత్మకథను చూడుడు. రాజకోటలో హైస్కూలు మొదటి యేడు పరీక్షాధికారి వచ్చి అయిదు మాటల వర్ణక్రమము వ్రాయుమనెను. అందు ‘కెటిల్’ అను మాటను గాంధి తప్పుగా వ్రాసెను. ఉపాధ్యాయుడు బూటుకాలితో సైగచేసి ప్రక్కవాని పలకను చూడుమనెను. ఆ బాలునకు ఆ సైగయే బోధపడలేదు. తక్కిన పిల్లలందఱు సరిగా వ్రాసిరి; తానొక్కడే తప్పినవాడు. ఈ కథ చదివిన బాలుడు ‘కెటిల్’ వర్ణక్రమమును జన్మలో తప్పునా? అయిదింటిలో తక్కిన నాలుగు మాట లేవియో లోకమునకు పట్టలేదు. కథ కెక్కిన ఆ యొక్క మాటయే నిలిచినది. పట్టికకును కథకును గల తారతమ్యమునకు ఇంతకంటె నిదర్శనము కావలయునా?

ఆత్మకథయం దింకొక సౌకర్యము కలదు. అది తనంతట తానే తరగతులుగా నేర్పడిన పుస్తకము. మొదట తల్లి, ఇల్లు, ఆకలి, బడి, భయము. పిదప ప్రయాణము, కొలువు, కోర్టు, రాజ్యము. చెప్పువాడు పెరిగినకొలది మాటయు పెరుగును. పలుకున దొకే గొంతు గనుక ఆ మనుష్యుడు వాడు మాటలే మరల మరల ఎదురగును; మూడవమాఱు కనబడిన మాట ఇక పరాయిది కాదు. గాంధి తన కథను 1925 మొదలు 1929 వఱకు నవజీవన్ పత్రికలో వారము వారము వ్రాసెను. అందుచే ప్రకరణములు పొట్టివి. మహాదేవ దేశాయి చేసిన ఇంగ్లీషు అనువాదము నిరాడంబరము. సత్యశోధన అను పేర తెలుగు ప్రతియు కలదు. వారమున కొకటిగా వ్రాసినది వారమున కొకటిగా చదువుటకే తగును. అబ్దుల్ కలాముగారి ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ 1999లో వెలువడినది. అందలి రామేశ్వరపు బాల్యమును ఎనిమిదవ తరగతి బాలుడు గ్రహింపగలడు. గోదావరి కొండరెడ్ల నడుమ నివసించి వ్రాసిన హైమండార్ఫ్ ఆత్మకథ 1990లో వచ్చినది. అది బయటివాని చూపు, విమర్శతోనే చదువవలెను. కాని పోడు నెరిగిన బాలునకు ‘షిఫ్టింగ్ కల్టివేషన్’ అను మాట పుస్తకమున ఎదురైనచో, వాడు ఉపాధ్యాయునకే అర్థము చెప్పగలడు. వస్తువు తెలిసినవానికి మాట తేలిక. వస్తువెరుగనివానికి మాట బరువు.

ఇది మా కల్పన కాదు. బ్రౌను దొరను తలచుకొనుడు. ఆయన వేమన పద్యములను వెదకి, చదివి, 1829లో ఇంగ్లీషు తాత్పర్యముతో ప్రకటించెను. తెలుగు నిఘంటువు వెలువడినది 1852లో. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చినది సవరల నోటి పలుకుల నుండి, కథల నుండి. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చినది. నిఘంటువులు నిర్మించినవారే మొదట మనుష్యుల పలుకును ఆశ్రయింపగా, మన బాలుని మాత్రము నిఘంటువు నుండి చించిన కాగితముతో ప్రారంభింపు మనుట యేమి న్యాయము?

కొందఱు ఆక్షేపింతురు: పుస్తకము కఠినము, పరీక్షలు దగ్గఱ, సమయ మెక్కడ? మొదట తెలుగు ప్రకరణము చదివింపుడు, పిమ్మట ఇంగ్లీషు ప్రకరణము. సగము కాఠిన్యము తొలగును. తెలియని మాటను సందర్భము నుండి ఊహింపనిండు. మూడుమాఱులు అడ్డువచ్చిన మాటకే నిఘంటువు విప్పనిండు. వారాంతమున ఆ మాటలతో తన యవ్వను గూర్చియో, తన ఊరి అంగడిని గూర్చియో అరపుట వ్రాయింపుడు. వారమునకు రెండు గంటలు చాలును. వల్లించుటకు ఉన్న సమయము చదువుటకు లేకపోయెనా?

మఱికొందఱు దేశాభిమానులు, ఇంగ్లీషునకు ఇంత సేవ ఏల యందురు. మేమును తెలుగు బిడ్డలమే. చతుర్థ తరగతి నుండి ఇంగ్లీషులో చెప్పిన రేఖాగణితము తనకు తొలుత ఎక్కలేదని గాంధియే వ్రాసెను. పరభాషామాధ్యమపు బరువును ఆయన మఱువలేదు. కాని వల్లెవేత వలన ఇంగ్లీషు రాదు, తెలుగును పోవును. తెలుగు ప్రతిని ప్రక్కన నుంచుకొని చదివినవానికి రెండును దక్కును. మాతృభాషను మెట్టుగా చేసికొని ఎక్కువాడు దానిని త్రొక్కినవాడు కాడు, దానిపై నిలిచినవాడు.

తుదకు గ్రంథాలయముల మాట. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మన నుండి వసూలగుచున్నది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలకు ఈ పన్ను లేదు. చందాలతో పుస్తకములు కొనిరి. నేడు పన్ను కట్టుచున్న మనము పుస్తకము అడుగుటకు సంకోచింపనేల? ప్రతి పఠనమందిరమున ఒక ఆత్మకథ తెలుగున నొకటి, ఇంగ్లీషున నొకటి జంటగా నుండవలెను. బీరువా తాళము తీయవలెను. వారమున కొక సాయంకాలము చదువు వచ్చినవా డొకడు బిగ్గరగా చదువ, పదిమంది బిడ్డలు వినవలెను. పాఠకులారా! ఈ పని కొక ప్రభుత్వపు టుత్తరువు అక్కఱలేదు. మీ ఊరి గ్రంథాలయమునకు పోయి, ఆ రెండు ప్రతులు ఉన్నవా యని అడుగుడు. లేకున్న వ్రాతమూలకముగా కోరుడు. వచ్చు వఱకు విడువకుడు. మాటల మూట మోయు కూలీలుగా కాక, మాట చెప్పగల మనుష్యులుగా మన బిడ్డలు పెరుగుదురు గాక!