ప్రశ్నపత్రంలో రోగి కనిపించాలి

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అధ్యక్షుల వారికి,

‘ప్రసవానంతర రక్తస్రావాన్ని నిర్వచించి, కారణాలు, నర్సింగ్ సంరక్షణ రాయండి’ అని నర్సింగ్ థియరీ పేపర్లో అడిగే తరహా ప్రశ్నకు బట్టీపట్టిన జవాబు చాలు. వార్డులో ప్రమాదం ఆ వరసలో రాదు. కాన్పయి గంటైంది, ప్యాడ్ పావుగంటకే తడిసిపోయింది, గర్భసంచి మెత్తగా ఉంది, నాడి 120. నర్సు ముందు ఏం చెయ్యాలి? సాయానికి కేకేస్తూనే గర్భసంచిని మర్దన చెయ్యాలని విద్యార్థినికి తెలుసో లేదో తేల్చేది ఇలాంటి ప్రశ్నే. నాలుగు ఆఫ్రికా దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగి 2023లో వెలువడిన, ప్రసవానంతర రక్తస్రావంపై ఈ-మోటివ్ అధ్యయనం చూడండి. అందులో వాడిన మందులేవీ కొత్తవి కావు. పోయిన రక్తాన్ని కొలిచి, త్వరగా గుర్తించి, చికిత్సలన్నీ ఒక్కసారే మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట కోయాల్సి రావడం, మరణం అన్నీ కలిపి 60 శాతం తగ్గాయి. తేడా తెచ్చింది సకాలంలో గుర్తించి, వెంటనే చికిత్స మొదలుపెట్టడం. మన థియరీ పేపర్లు తక్కువగా పరీక్షించేదీ దాన్నే.

ప్రాక్టికల్స్ ఉన్నాయి కదా అనవచ్చు. కానీ పిల్లలు రాత్రిళ్లు కూర్చుని చదివేది థియరీ పేపర్ కోసమే. దిద్దడం కష్టమన్న అభ్యంతరం న్యాయమైనదే, ముఖ్యంగా వేల పేపర్లు తక్కువ రోజుల్లో దిద్దే అధ్యాపకులకు. అయితే ఏ చర్యకు ఎన్ని మార్కులో చెప్పే ‘కీ’ ఉంటే, పది పేజీల వ్యాసం కన్నా ఇలాంటి జవాబు దిద్దడమే తేలిక. పొడవైన వ్యాసం రాయనక్కర్లేదు గనుక, ఇంగ్లిష్‌లో తడబడే తెలుగు మీడియం పిల్లలకూ మేలే. ప్రతి సబ్జెక్టులో సగం మార్కులు ఇలాంటి ప్రశ్నలకు కేటాయించి, నమూనా పేపర్లను కీతో సహా విడుదల చేయాలని మనవి.