దూరం ఒక్కటే, ఆదా అయ్యే కాలం వేరు
(గన్నవరం నుంచి రెండు ప్రాంతీయ విమాన మార్గాలు - ఒక పరిశీలన)

గన్నవరం విమానాశ్రయం నుంచి విశాఖపట్నానికి గగనతల దూరం సుమారు 290 కిలోమీటర్లు. అదే గన్నవరం నుంచి కర్నూలు సమీపంలోని ఓర్వకల్లుకు దాదాపు 295 కిలోమీటర్లు. ఒకటి తూర్పునకు, మరొకటి పడమరకు. ఏటీఆర్ తరహా విమానం ఈ రెండింటిలో దేనినైనా ఇంచుమించు ముప్పావు గంటలో దాటగలదు. కాలపట్టికలో మాత్రం గంటకు కాస్త అటూఇటుగా కనిపిస్తుంది. విమానం నిలుపుదల స్థలం నుంచి కదిలిన క్షణం మొదలు గమ్యంలో ఆగే వరకు లెక్కించడమే ఇందుకు కారణం. ఇంత తక్కువ దూరంలో పైకి లేవడానికి, దిగడానికే అధిక సమయం పోతుంది కనుక పెద్ద జెట్ విమానమైనా చెప్పుకోదగినంత కాలం మిగల్చదు.

అయితే ప్రయాణికుడు ఇంటి గడప నుంచి కాలాన్ని లెక్కిస్తాడు. విజయవాడ నగరం నుంచి గన్నవరానికి సుమారు 20 కిలోమీటర్లు. విమానం బయలుదేరడానికి కనీసం గంట ముందు అక్కడ ఉండాలి. దిగిన తరువాత సామాను, మళ్లీ రోడ్డు ప్రయాణం. మొత్తం మూడున్నర గంటలకు తక్కువ కాదు. 2023 జనవరి 15న ప్రారంభమైన సికింద్రాబాద్-విశాఖపట్నం వందే భారత్ రైలు విజయవాడ-విశాఖల మధ్య 350 కిలోమీటర్లను నాలుగు గంటల ప్రాంతంలో చేరుస్తున్నది. ఆదా అత్యల్పం.

కర్నూలు సంగతి వేరు. ఆ నగరం సికింద్రాబాద్-డోన్ రైలు మార్గంలో ఉన్నదే గాని గుంటూరు-గుంతకల్లు మార్గంలో లేదు. విజయవాడ వైపు రైలు కావాలంటే నంద్యాలకో, డోన్‌కో వెళ్లవలసిందే. రోడ్డున దాదాపు 340 కిలోమీటర్లు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమల ఘాట్ దాటాలి. ఆరేడు గంటలు పడుతుంది. రాష్ట్ర హైకోర్టు అమరావతిలో పనిచేస్తున్నందున కక్షిదారులకు, న్యాయవాదులకు, అధికారులకు ఈ ప్రయాణం తప్పనిసరి. ఇక్కడ విమానం సగం కాలాన్ని మిగులుస్తుంది.

ఓర్వకల్లులోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. 28 నుంచి విమానాలు నడిచాయి. విజయవాడకు నేరుగా సర్వీసు మాత్రం 2025 జూలై 2న గాని మొదలు కాలేదు, అదీ వారానికి మూడు రోజులే. శుక్రవారం హైకోర్టులో వాయిదా ఉన్నవారికి సోమ, బుధ, శనివారాల విమానం ఏ మేరకు అక్కరకు వస్తుందో ఊహించవచ్చు.

ఉడాన్ పథకంలో టిక్కెట్టు గరిష్ఠ ధర, విమాన సంస్థకిచ్చే లోటు భర్తీ నిధి రెండూ గగనతల దూరాన్ని బట్టే నిర్ణయమవుతాయి. ఆ కొలబద్దకు పై రెండు మార్గాలూ సమానమే. ప్రత్యామ్నాయ ప్రయాణ కాలాన్ని కూడా గణిస్తే కర్నూలు మార్గానికి ప్రాధాన్యం దక్కేది.

విశాఖ వైపు లెక్క ఇంకా మారనున్నది. ఐఎన్ఎస్ డేగా నౌకాదళ స్థావరంలోని విమానాశ్రయం నగరంలోనే ఉన్నది. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం నగరానికి దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. విదేశీ ప్రయాణికునికి అది పెద్ద భారం కాదు. విజయవాడ ప్రయాణికునికి మాత్రం ఆ అదనపు గంటతో విమానం కంటే రైలే ముందు చేరుస్తుంది.