తోడు

అనంతపురంలో యెండ 40 డిగ్రీలు దాటిన వారమది. మా యింటి పెరుగు తీగ సాగింది. రెండు రోజులు చూసి, మా ఆవిడ గిన్నెడు పెరుగూ పెరట్లో పారబోసి పక్కింటికి వెళ్ళింది. "అక్కా, రవ్వంత తోడు పెట్టండి!"

మర్నాడు పెరుగు గడ్డగా తోడుకుంది. ముద్ద నోట పెట్టగానే నాకు మాట రాలేదు. అచ్చం మా అమ్మ కుండలోని రుచి! పక్కింటికి అయిదేళ్ళ కిందట తోడిచ్చింది అమ్మే. అమ్మ పోయి మూడేళ్ళు.

కాలేజీలో యీ సంగతి చెబితే వృక్షశాస్త్రం చెప్పే మిత్రుడు నవ్వాడు. "తెలుగు పండితుడివి, విను. పెరుగంటే ఒక్క సూక్ష్మజీవి కాదయ్యా, ఒక వూరు. ఒకటి పాలలోని మాంసకృత్తులను విడగొడుతుంది. ఇంకొకటి దానితో బలిసి పులుపు పుట్టిస్తుంది. మీ ఆవిడ పారబోసింది వూరినే, తెచ్చుకున్నదీ వూరినే. కుండకూ కుండకూ తేడా వుంది. తోడువల్ల వారసత్వం వుంది. చెడ్డది పారబోత వుంది. డార్విన్ 1859లో చెప్పిన ప్రకృతి వరణానికి యింకేం కావాలి? ఇక్కడ యెంచేది ఆడవాళ్ళ చెయ్యి, అంతే తేడా."

అమెరికాలో స్వెన్సన్, విల్సన్, ఎలియాస్ అనే ముగ్గురు 2000లో యిలాంటి ప్రయోగమే ప్రకటించారట. మొక్క యేపుగా పెరిగిన కుండీలోని మట్టినే తర్వాతి కుండీలకు తోడు వేస్తూ పోయారు. తరాలు గడిచాక ఆ మట్టి గుణం మొక్కల బరువులో తేలింది. వాన కరువైన మా వేరుశనగ చేలకూ అలాంటి తోడు దొరికితే యెంత బాగుండును!

లేచిపోతూ మిత్రుడన్నాడు: "మీ అమ్మగారు దాచుకుని వుంటే ఆ వంశం మీ పెరట్లోనే అంతరించేది. ఇచ్చారు కనుక మిగిలింది."

ఆ సాయంత్రం యెదురింటి అమ్మాయి గిన్నెతో వస్తే, నేనే లేచి తోడు పెట్టాను.